నోస్ఫెరాటు నీడ, పాతిక కాపీలు: ఇంట్లో లిమిటెడ్ ఎడిషన్ స్క్రీన్ ప్రింట్ ఎలా వేయాలి

"అన్నా, నల్లరంగు మచ్చలు మచ్చలుగా పడుతోంది, ఎందుకు?" "రెండో రంగు మొదటిదాని మీద సరిగ్గా కూర్చోవట్లేదు." "ఇరవై ప్రింట్లకే స్క్రీన్ మీద బొమ్మ ఊడిపోయింది, ఎమల్షన్ డూప్లికేటా?" హైదరాబాద్‌లో స్క్రీన్ ప్రింటింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగేవి దాదాపు ఈ మూడే. ఒక్కొక్కరికీ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెప్పేకన్నా, ఒక ప్రింట్‌ని మొదటి నుంచి చివరిదాకా మీ పక్కన నిలబడి వేయించినట్టు రాస్తే మేలనిపించింది.

స్క్రీన్ అంటే ఫ్రేమ్‌కి బిగించిన సన్నటి వల, దాన్నే మెష్ అంటాం. దానికి వెలుగు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూసి, బొమ్మ ఉన్నచోట మాత్రం కన్నాలు తెరిచి, వాటిలోంచి రంగును స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో కాగితం మీదికి దించుతాం. ఒక్క మంచి ప్రింట్ తీయడం కష్టం కాదు. పాతిక ప్రింట్లు ఒకేలా తీయడమే ఈ పని. లిమిటెడ్ ఎడిషన్ అంటే కొన్నవాళ్లకు మీరు పెన్సిల్‌తో రాసిచ్చే మాట: ఇవి పాతికే, అన్నీ ఒకటే, ఇరవై ఆరోది రాదు. ఆ మాట నిలబెట్టుకోవడానికి ఏ మెట్టులో ఏం చూసుకోవాలో చెబుతాను.

బొమ్మ ఎంచుకునే ముందు

ఉదాహరణకు 1922లో వచ్చిన జర్మన్ మూకీ సినిమా నోస్ఫెరాటు తీసుకుందాం. మెట్లెక్కి వెళ్లే ఆ గోళ్ల చేతుల నీడ చూసినవాళ్లు మర్చిపోరు. దీన్ని తీసుకోవడానికి నాకు రెండు కారణాలున్నాయి.

మొదటిది హక్కులు. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా మీద హక్కులు అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు ఉంటాయి. నోస్ఫెరాటుకు ఆ గడువు ఎప్పుడో తీరింది. "రామ్ గోపాల్ వర్మ 'రాత్రి' మీద చేయొచ్చా?" అని చాలామంది అడుగుతారు. అది 1992 సినిమా, 2052 చివరిదాకా హక్కులుంటాయి. నిర్మాత దగ్గర రాతపూర్వక అనుమతి లేకుండా అమ్మకానికి వేయకండి. నోస్ఫెరాటు చరిత్రలోనే దీనికి పాఠం ఉంది. డ్రాకులా నవలకు అనుమతి తీసుకోకుండా దాన్ని తీశారు. ఆ నవల రాసిన బ్రామ్ స్టోకర్ భార్య కోర్టుకు వెళితే, కాపీలన్నీ నాశనం చేయమని జర్మనీలో తీర్పు వచ్చింది. అక్కడక్కడా మిగిలిన కాపీల వల్లే ఈరోజు మనం ఆ సినిమా చూడగలుగుతున్నాం.

ఒక జాగ్రత్త: 1979లో, 2024లో వచ్చిన రీమేక్‌ల జోలికి వెళ్లకండి, వాటి హక్కులు వేరు. పాతదైనా సరే, రీస్టోర్ చేసిన వీడియో నుంచి ఫ్రేమ్ తీసి ట్రేస్ చేయొద్దు. సినిమా చూడండి, ఆపేయండి, తర్వాత మీ చేత్తో గీయండి. నా బొమ్మలో మెట్లు పాతబస్తీలోని ఒక శిథిలమైన దేవిడీవి, అంటే పాతకాలపు పెద్ద భవంతివి. నీడ మాత్రమే ఆ సినిమాది.

రెండో కారణం రంగు. ఆ రోజుల్లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌ని రంగులో ముంచేవారు. రాత్రి దృశ్యాలకు నీలం, దీపం వెలుగున్న గదులకు పసుపు. అంటే ఒక పలుచని రంగు, దాని మీద నలుపు. రెండు స్క్రీన్లతో మనం వేయబోయేదీ సరిగ్గా అదే.

కావాల్సినవి

- రెండు ఫ్రేములు, లోపలి కొలత 18×24 అంగుళాలు, 90టీ మెష్ బిగించినవి. 90టీ అంటే అంగుళానికి సుమారు 230 పోగులు. పెళ్లికార్డుల వాళ్లు సన్న అక్షరాల కోసం 120టీ వాడతారు. మనం వాడేది నీటితో కలిసే ఆక్రిలిక్ రంగు, అందులో త్వరగా ఎండిపోతుంది, వద్దు. అల్యూమినియం ఫ్రేమ్ దొరికితే అదే తీసుకోండి. చెక్క ఫ్రేమ్ తడికి వంకర తిరుగుతుంది.
- 12 అంగుళాల స్క్వీజీ, మధ్యస్థ గట్టిదనం ఉన్న రబ్బరు. అంచు పదునుగా, తిన్నగా ఉండాలి.
- స్కూప్ కోటర్, అంటే మెష్‌కి ఎమల్షన్ పూసే తొట్టి లాంటి పనిముట్టు.
- డయజో ఎమల్షన్. డయజో అంటే ఎమల్షన్‌ని వెలుగుకు గట్టిపడేలా చేసే రసాయనం. డబ్బా మీద "వాటర్ రెసిస్టెంట్" అని ఉందో లేదో చూడండి. మన కార్డుల ప్రెస్సుల్లో ఎక్కువగా నడిచేది పీవీసీ ఇంక్, దానికి వాడే ఎమల్షన్ థిన్నర్‌కి తట్టుకుంటుంది కానీ నీటికి కరుగుతుంది. ఇరవై ప్రింట్లకే బొమ్మ ఊడిపోవడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే, డూప్లికేట్ సరుకు కాదు.
- కాగితం: 13×19 అంగుళాలు, 250 నుంచి 300 జీఎస్‌ఎం కాటన్ పేపర్, యాసిడ్ లేనిది, 40 షీట్లు. నున్నని కోటింగ్ ఉన్న ఆర్ట్ కార్డ్ మీద నీటి రంగు నిలవదు.
- ఆక్రిలిక్ రంగులు, సమానంగా స్క్రీన్ ప్రింటింగ్ మీడియం, కొంచెం రిటార్డర్ (రంగు త్వరగా ఎండకుండా ఆపేది). ఒక్కో రంగు 300 గ్రాములు చాలు.
- స్క్రీన్‌ని తలుపులా ఎత్తి దించడానికి హింజ్ క్లాంపుల జత. లేకపోతే పీట మీద రెండు తలుపు బందులు బిగించుకోండి.
- టేబుల్ అంత వెడల్పున్న పారదర్శక ప్లాస్టిక్ షీటు ఒకటి. దీన్ని మర్చిపోవద్దు, రెండో రంగు దీని మీదే ఆధారపడి ఉంది.
- బ్రౌన్ టేపు, గ్లవ్స్, స్ప్రే బాటిల్, దండెం తాడు, క్లిప్పులు, పసుపు రంగు జీరో బల్బు.

ఛత్తా బజార్‌లో కార్డులు వేసే వీధిలో ఒక గంట తిరగండి. మెష్ ఎక్కడ బిగిస్తారో, ఎమల్షన్ ఎవరి దగ్గర తాజాగా ఉంటుందో అక్కడివాళ్లే చెబుతారు. నేను ఈ పని నేర్చుకున్నది అక్కడి ఒక ఉస్తాద్ దగ్గరే. లైట్లకు ట్రూప్ బజార్, బందులు, నట్లు, బోల్టులకు రాణీగంజ్, క్లిప్పులు, తాళ్లకు బేగంబజార్.

ఒక హెచ్చరిక. కొన్ని దుకాణాల్లో ఎమల్షన్‌తో పాటు, డయజోకి బదులుగా, నారింజ రంగు బైక్రోమేట్ పొడి ఇస్తారు. చవక, బాగా పనిచేస్తుంది కూడా. కానీ అది క్రోమియం విషం, క్యాన్సర్ కారకం. పిల్లలున్న ఇంట్లో, బాత్రూమ్‌లో కడిగే పనికి అది అస్సలు వద్దు. డయజో అడిగి తీసుకోండి.

1. బొమ్మను రెండు రంగులుగా విడదీయండి

మొదటి స్క్రీన్‌లో నీలం. ఇది కాగితం మీద దాదాపు మొత్తం పరుచుకుంటుంది, కిటికీ ఒక్కటి ఖాళీ. అక్కడ కాగితం తెలుపే వెన్నెల. రెండో స్క్రీన్‌లో నలుపు: నీడ, మెట్ల అంచులు, కిటికీ చువ్వలు. నలుపు ఎప్పుడూ నీలం మీద పడేలా గీయండి, నీలంలో దాని ఆకారాన్ని కత్తిరించకండి. అప్పుడు రెండు రంగుల మధ్య తెల్ల సందు కనబడే ప్రమాదమే ఉండదు. కిటికీ చుట్టూ నల్ల చట్రం మందంగా, కనీసం 2 మిల్లీమీటర్లు ఉంచండి. కాగితం అర మిల్లీమీటరు జరిగినా ఆ చట్రం దాచేస్తుంది. మొదటి ఎడిషన్‌కి ఇలాంటి బొమ్మే గీసుకోండి, తప్పును కాస్త క్షమించే బొమ్మ.

నీడ అంచు మెత్తగా కరిగిపోవాలంటే హాఫ్‌టోన్ చుక్కలు, అంటే దూరం నుంచి లేత రంగులా కనబడే సన్న చుక్కలు కావాలి. 90టీ మెష్‌కి 45 ఎల్‌పీఐ (అంగుళానికి అన్ని చుక్కల వరుసలు), కోణం 22.5 డిగ్రీలు పెట్టండి. 65 పెడితే స్క్రీన్ మీద చుక్కలు నిలవవు, గళ్ల నమూనా కూడా తేలుతుంది. ఫైలు 600 డీపీఐలో ఉండాలి. రెండు ఫైళ్లలోనూ నాలుగు మూలలా ఒకే చోట రిజిస్ట్రేషన్ గుర్తులు పెట్టండి, రెండు రంగులూ కలిశాయా అని చూసుకునేది వాటితోనే.

2. పాజిటివ్ తీయించండి

పాజిటివ్ అంటే వెలుగు దాటే షీటు మీద నల్లగా ప్రింట్ తీసిన బొమ్మ, ఒక్కో రంగుకు ఒకటి. ఇంక్‌జెట్ ఫిల్మ్ అయితే మంచిది. లేదంటే ట్రేసింగ్ పేపర్ మీద లేజర్ ప్రింట్ తీయించి, వెనక వైపు కొబ్బరినూనె పలచగా రాసి బాగా తుడిచేయండి. కాగితం కాంతిని ఇంకా బాగా వదులుతుంది. చెక్ చేసే పద్ధతి: పాజిటివ్‌ని ట్యూబ్‌లైట్ ముందు పట్టుకోండి. నలుపులోంచి వెలుగు గుచ్చినట్టు కనబడితే పనికిరాదు. రెండు ప్రింట్లు తీసి ఒకదాని మీద ఒకటి అతికించండి, లేదా వేరే చోట తీయించండి. లేజర్ ప్రింటర్ వేడికి ట్రేసింగ్ పేపర్ కాస్త కుంచించుకుపోతుంది. అందుకే రెండు రంగుల పాజిటివ్‌లూ ఒకే మెషీన్‌లో, ఒకే పూట తీయించండి. తర్వాత ఒకదాని మీద ఒకటి పెట్టి నాలుగు గుర్తులూ కలుస్తున్నాయా చూడండి. ఇక్కడ కలవనివి కాగితం మీద ఎన్ని తంటాలు పడ్డా కలవవు.

3. మెష్ కడిగి కోటింగ్ వేయండి

కొత్త మెష్ అయినా గిన్నెలు తోమే లిక్విడ్‌తో రెండు వైపులా కడగండి. వేలిముద్రల జిడ్డు ఉన్నచోట ఎమల్షన్ పట్టదు. పూర్తిగా ఆరాక పసుపు జీరో బల్బు వెలుతురులో కోటర్‌తో కిందనుంచి పైకి, కాగితం తగిలే వైపు ఒకసారి, స్క్వీజీ తిరిగే వైపు ఒకసారి లాగండి. మరీ పలచగా వేస్తే బొమ్మ అంచులు రంపం పళ్లలా వస్తాయి. మందంగా కారిపోయేలా వేస్తే ఎండదు.

ఆరబెట్టేటప్పుడు ఫ్రేమ్‌ని అడ్డంగా, కాగితం వైపు కిందికి ఉండేలా పెట్టండి. ఏప్రిల్‌లో మన దగ్గర రెండు గంటల్లో ఎండిపోతుంది. జులై, ఆగస్టుల్లో మాత్రం రాత్రంతా వదిలేయాలి. పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల చెమ్మ ఉంటుంది. ఆ చెమ్మ ఉన్న స్క్రీన్‌కి వెలుగు చూపిస్తే కడిగేటప్పుడు మొత్తం ఊడి వస్తుంది. వానాకాలంలో చిన్న గదిలో ఫ్యాన్ వేసి, చీకట్లో ఉంచి, పొద్దున్నే వాడండి.

4. ఎక్స్‌పోజింగ్: టెస్ట్ చేయకుండా ముందుకు వెళ్లొద్దు

ఎక్స్‌పోజింగ్ అంటే పాజిటివ్ పెట్టి ఎమల్షన్‌కి వెలుగు చూపించడం. నలుపు కింద వెలుగు పడని ఎమల్షన్ మెత్తగానే ఉండి, కడిగితే పోతుంది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడ. ఎవరో వీడియోలో ఆరు నిమిషాలు అన్నారని మీరూ ఆరు నిమిషాలు పెడతారు. వాళ్ల లైటు వేరు, దూరం వేరు, కోటింగ్ మందం వేరు.

50 వాట్ల యూవీ ఎల్‌ఈడీ ఫ్లడ్ లైటును స్క్రీన్‌కి 18 అంగుళాల ఎత్తున కట్టండి. ఒక చిన్న ఫ్రేమ్‌కి కోటింగ్ వేసి, సన్న గీతలూ చుక్కలూ ఉన్న పాజిటివ్ పెట్టి, పైన గాజు పలక వేయండి. మెష్ కింద నల్ల గుడ్డ చుట్టిన ఫోమ్ పెడితే గాజుకు గట్టిగా అతుక్కుంటుంది. రెండు నిమిషాలు మొత్తానికి వెలుగు చూపించి, ఐదో వంతును అట్టతో మూసేయండి. ఇంకో రెండు నిమిషాలకు అట్టను ఇంకో వంతు జరపండి. అలా 2, 4, 6, 8, 10 నిమిషాల పట్టీలు వస్తాయి. కడిగి చూడండి.

- స్క్వీజీ వైపు వేలితో తాకితే జారుడుగా, జిగటగా ఉన్న పట్టీలకు వెలుగు చాలలేదు.
- సన్న చుక్కలు ఎంత కడిగినా తెరుచుకోని పట్టీలకు వెలుగు ఎక్కువైంది.
- గట్టిగా ఉండి, సన్న గీతలు కూడా తెరుచుకున్న పట్టీ మీది. ఆ సమయాన్ని ఎమల్షన్ డబ్బా మీదే మార్కర్‌తో రాసుకోండి.

లైటు లేదా? మేడమీద ఎండ ఉంది. ఎండలో నిమిషాలు కాదు, సెకన్ల లెక్క. 20 సెకన్ల చొప్పున పట్టీలు తీసి చూడండి. కాకపోతే మధ్యాహ్నం పన్నెండు గంటల ఎండకూ నాలుగు గంటల ఎండకూ చాలా తేడా. ఒక మబ్బు తునక అడ్డొచ్చినా లెక్క తప్పుతుంది. అందుకే టెస్ట్ చేసిన రోజే, అదే వేళకు, రెండు స్క్రీన్లూ పూర్తి చేయండి. స్క్రీన్‌ని మేడమీదికి నల్ల గుడ్డ చుట్టి తీసుకెళ్లాలని చెప్పక్కర్లేదు కదా.

అసలు స్క్రీన్‌కి పెట్టేటప్పుడు పాజిటివ్ ప్రింట్ వైపు ఎమల్షన్‌కి తగలాలి. రెండింటి మధ్య ప్లాస్టిక్ మందం మిగిలినా అంచుల కిందికి వెలుగు దూరి సన్న గీతలు మాయమవుతాయి.

5. కడగండి, పరీక్షించండి

రెండు వైపులా నీళ్లు చల్లి ఒక నిమిషం నాననివ్వండి. తర్వాత హ్యాండ్ షవర్‌తో నెమ్మదిగా, కాగితం వైపు నుంచి కొట్టండి. తొందరపడి వేళ్లతో రుద్దకండి. ఆరాక కిటికీకి అడ్డంగా పట్టుకుని చూడండి. సూది మొనల్లాంటి వెలుగు చుక్కలు కనబడితే వాటిని సన్న బ్రష్‌తో ఎమల్షన్ అద్ది మూసి, మళ్లీ వెలుగు చూపించండి. ఫ్రేమ్ అంచుల్లో బ్రౌన్ టేపు వేయండి, లేకపోతే రంగు పక్కలనుంచి కారి నలభై కాగితాలకూ ఒకే చోట మరక పడుతుంది.

6. కాగితాన్ని సిద్ధం చేయండి

కొత్తవాళ్లు పూర్తిగా వదిలేసే మెట్టు ఇది. కాటన్ పేపర్ గాలిలోని తేమకు పెరుగుతుంది, పొడిగాలికి తగ్గుతుంది. నా రెండో ఎడిషన్ ఒక జులైలో వేశాను. మొదటి రంగు వానలేని మధ్యాహ్నం వేసి, రెండోది మర్నాడు ముసురులో వేశాను. ముప్పై ఐదు కాగితాల్లో పధ్నాలుగు కలవలేదు. పక్కకు జరిపి చూశాను, తిప్పి చూశాను. ఎడమ అంచు కలిస్తే కుడి అంచు జారింది. కాగితమే పెరిగిందని నాకు తట్టలేదు. ఉస్తాద్‌కి చూపిస్తే, "కాగితాన్ని ఒక రాత్రి గదిలో పడుకోనివ్వు బేటా" అన్నారు, అంతే.

కాబట్టి కాగితాలన్నీ ప్రింట్ వేసే గదిలోనే ఒక రోజు ముందు విడివిడిగా పరిచిపెట్టండి. రెండు రంగులూ వీలైతే ఒకే రోజు వేయండి, మొదటిది పొద్దున, రెండోది సాయంత్రం. కాగితం ఒక పొడుగు అంచునూ ఒక పొట్టి అంచునూ "ఇవి తగిలే అంచులు" అని వెనక పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. రెండు రంగులకూ అవే అంచులు గైడ్‌కి తగలాలి, ఎందుకంటే షాపులో కోసిన షీట్లు అన్నీ ఒక్క కొలతలో ఉండవు.

40 ఎందుకంటే: ఎడిషన్ 25, ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు (ఎడిషన్ నంబర్లకు బయట, వేసినవాళ్లు తమకోసం ఉంచుకునేవి) 2, మిగతావి పోయేవి. మొదటిసారి పది, పన్నెండు పోవడం మామూలే.

7. టేబుల్ మీద అమరిక

స్క్రీన్‌ని బందులకు బిగించండి. కింద నాలుగు మూలల్లో అట్టముక్కలు పెట్టి మెష్‌కీ కాగితానికీ మధ్య 2 నుంచి 3 మిల్లీమీటర్ల ఎడం ఉంచండి. స్క్వీజీ దాటగానే మెష్ కాగితం మీద నుంచి టప్పున లేవాలి. ఈ ఎడం లేకపోతే మెష్ తడి రంగుకు అంటుకుని, లేచేటప్పుడు మచ్చలు వదులుతుంది. "నల్లరంగు మచ్చలు" అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది. మిగతా సగం అరిగిన స్క్వీజీ, వదులైన మెష్.

కాగితం కూర్చోవడానికి పొడుగు వైపు రెండు, పొట్టి వైపు ఒకటి, మొత్తం మూడు అట్ట గైడ్లు టేపుతో అతికించండి. గైడ్లు కాగితమంత మందంగానే ఉండాలి, ఎత్తుగా ఉంటే మెష్ కోసుకుపోతుంది. స్క్రీన్ ఎత్తినప్పుడు కాగితం వెంట లేస్తుంటే టేబుల్ మీద డబుల్ టేపు ముక్కలు అతికించి, వాటి జిగురు తగ్గేదాకా నాలుగైదుసార్లు చేత్తో తట్టండి.

8. రంగు ఒకేసారి కలపండి

ఆక్రిలిక్ సగం, మీడియం సగం. ఎండాకాలంలో రిటార్డర్ డబ్బా మీద రాసిన మోతాదులో. చెంచా ఎత్తితే తేనెలా తెగకుండా జారాలి. నీళ్లు పోసి పలచన చేయకండి, అంచుల కిందికి కారుతుంది.

నలభై కాగితాలకు సరిపడా ఒకే డబ్బాలో కలపండి. మధ్యలో అయిపోతే అదే నీలం మళ్లీ కలపడం నా వల్ల ఎప్పుడూ కాలేదు. కలిపిన రంగును మీ కాగితం తునక మీద రాసి, ఆరాక పగటి వెలుతురులో చూసుకోండి. ఆక్రిలిక్ ఆరాక కాస్త ముదురుతుంది.

9. మొదటి రంగు: నీలం

ముందు పాత వార్తాపత్రికల మీద మూడు నాలుగు లాగండి. తర్వాత అసలు కాగితం. స్క్రీన్‌ని కొంచెం ఎత్తి, రంగును స్క్వీజీతో నెమ్మదిగా ముందుకు నెట్టి మెష్ నింపండి. స్క్రీన్ దించి, స్క్వీజీని 60 డిగ్రీలు వంచి, రెండు చేతుల బరువూ సమానంగా ఉండేలా ఒక్క ఊపులో లాగండి. మధ్యలో ఆగితే ఆగినచోట గీత పడుతుంది. చాలలేదని రెండోసారి లాగకండి, బొమ్మ పక్కన ఇంకో బొమ్మ నీడలా వస్తుంది. ఎత్తగానే మళ్లీ మెష్ నింపేయండి. ఖాళీ మెష్ ఒక్క నిమిషం గాలికి ఉన్నా చుక్కలు పూడిపోతాయి.

సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి. చెమట పట్టినా సరే. కూలర్ గాలి కూడా తగలకూడదు. మే నెలలో అయితే తెల్లవారి ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించండి. అయినా చుక్కలు పూడితే మెష్ కిందివైపు తడిగుడ్డతో ఒత్తి తుడిచి, వార్తాపత్రిక మీద రెండు లాగి, అప్పుడు అసలు కాగితానికి రండి.

ఇంకొకరు తోడుంటే పని సగం అవుతుంది. ఒకరు రంగు చేతులతో స్క్వీజీ, ఒకరు శుభ్రమైన చేతులతో కాగితం. కాగితాలను దండేనికి తెల్ల అంచు దగ్గర క్లిప్పులు పెట్టి వేలాడదీయండి. అయిపోగానే స్క్రీన్ కడిగేయండి. టీ తాగి వద్దామనుకుంటే ఆ స్క్రీన్ పోయినట్టే.

10. రెండో రంగు: నలుపు

పారదర్శక షీటు బయటికి తీయండి. స్క్రీన్ మార్చాక ఆ షీటును టేబుల్ ఒక అంచుకు మాత్రమే టేపుతో అతికించి, పుస్తకం పేజీలా తెరిచి మూసేలా పెట్టండి. దాని మీద నలుపు ఒకసారి ప్రింట్ వేయండి. ఇప్పుడు నల్ల బొమ్మ కాగితం మీద ఎక్కడ పడబోతోందో షీటు మీద కచ్చితంగా ఉంది. నీలం వేసిన కాగితాన్ని దాని కిందికి దూర్చి, నాలుగు గుర్తులూ, కిటికీ చట్రమూ కలిసేదాకా కాగితాన్ని జరపండి. కలిసిన చోట కాగితాన్ని కదలనివ్వకుండా షీటు ఎత్తేసి, మూడు గైడ్లను దాని అంచులకు తాకించి అతికించండి. షీటు తీసేయండి. ఇక ప్రతి కాగితం ఆ గైడ్లకు తగిలితే చాలు.

ముందు పోయిన నీలం కాగితాల మీద రెండు మూడు వేసి చూసుకోండి. నీలం పూర్తిగా ఆరిందా అన్నది ముఖ్యం. చెంపకు ఆనిస్తే చల్లగా అనిపించే కాగితంలో ఇంకా తడి ఉంది.

పది కాగితాలకోసారి ఆగి, ఇప్పుడు తీసినదాన్ని మొదటిదాని పక్కన పెట్టండి. కిటికీ చట్రం, నీడ వేళ్ల కొసలు, ఈ రెండు చోట్లా చూస్తే చాలు. వేళ్లు లావెక్కుతుంటే రంగు మెష్ కింద పేరుకుంటోంది, తుడవండి. కొసలు తెగిపోతుంటే ఎండిపోతోంది, తడిగుడ్డ పెట్టండి. చట్రం ఒకే వైపుకు జరుగుతూ పోతుంటే గైడ్ ఊడుతోంది లేదా బందు వదులైంది. ఒక్కో కాగితానికి ఒక్కో వైపు జరుగుతుంటే తప్పు మీ చేతిది. కాగితాన్ని గైడ్లకు ఒకే వరుసలో తగిలించడం అలవాటు చేసుకోండి, ముందు పొడుగు అంచు, తర్వాత పొట్టి అంచు.

11. ఏరండి, నంబర్లు వేయండి

ఒక రోజు ఆరనిచ్చి, పగటి వెలుతురులో అన్నీ నేల మీద పరచండి. మీకు అన్నింటికన్నా బాగా నచ్చినదాన్ని నమూనాగా పెట్టుకుని, దాని పక్కన ఒక్కొక్కటీ పెట్టి చూడండి. పొడి వేలితో నలుపు మీద రుద్దితే రంగు అంటకూడదు. అంటుతోందంటే మీడియం చాలలేదు, లేదా ఇంకా ఆరలేదు.

ఇక్కడ మనసు గట్టి చేసుకోవాలి. ఇరవై రెండే సరిగ్గా వస్తే ఎడిషన్ ఇరవై రెండే. మూడు వంకర కాపీలు కలిపి పాతిక చేయకండి. పోయినవాటిని ఆర్టిస్ట్ ప్రూఫ్ అని అమ్మడం కూడా కొందరు చేస్తున్నారు. అది కొనేవాళ్లను మోసం చేయడమే. ఆర్టిస్ట్ ప్రూఫ్ కూడా ఎడిషన్‌తో సమానంగా ఉండాలి, సంఖ్య ఎడిషన్‌లో పదోవంతు దాటకూడదు. పోయినవాటిని చింపేయండి, లేదా వెనక వైపు టెస్ట్ ప్రింట్లకు వాడుకోండి.

బొమ్మ కింద తెల్ల అంచు మీద పెన్సిల్‌తోనే రాయండి. ఎడమ వైపు 1/25, మధ్యలో పేరు, కుడి వైపు సంతకం, ఏడాది. 3/25 కన్నా 1/25 గొప్పదేమీ కాదు, వేసిన వరుసలోనే నంబర్లు ఉండాలనీ లేదు. ఒక నోట్‌బుక్‌లో తేదీ, కాగితం, మెష్, రంగుల పాళ్లు, ఎన్ని వేశారు, ఎన్ని చింపారు, ఏ నంబరు ఎవరికి వెళ్లింది రాసుకోండి. ఇదే బొమ్మను టీషర్టు మీదో, చిన్న సైజు డిజిటల్ ప్రింట్‌గానో వేసే ఆలోచన ఉంటే ఆ సంగతి అమ్మేముందే చెప్పండి. కామిక్ కాన్‌లో (కామిక్స్, సినిమా అభిమానుల మేళా) స్టాల్ పెట్టినప్పుడు నన్ను జనం ఎక్కువగా అడిగింది ధర కాదు, "మళ్లీ వేస్తారా?" అని.

కాపీల మధ్య బటర్ పేపర్ పెట్టి, అట్టల మధ్య చదునుగా పడుకోబెట్టండి. గోడకు ఆనించిన బీరువా అడుగు అర వద్దు, వానాకాలంలో చెమ్మ పడుతుంది. చుట్టి పంపాల్సి వస్తే బొమ్మ బయటి వైపుకు, కనీసం మూడు అంగుళాల ట్యూబులో.

12. స్క్రీన్ రద్దు చేయండి

నంబర్లు వేసిన రోజే చేయాల్సిన పని ఇది. నలుపు స్క్రీన్ మీద మూల నుంచి మూలకు టేపు వేసి, ఒక్క కాపీ తీయండి. నీడకు అడ్డంగా తెల్ల గీతతో వచ్చే ఆ కాపీని నోట్‌బుక్‌తో పాటు దాచండి. ఈ స్క్రీన్ ఇక వాడబోమన్న దానికి అది రుజువు.

తర్వాత డీకోటింగ్ పౌడర్ నీళ్లలో కలిపి, గ్లవ్స్ వేసుకుని, మెష్‌కి రెండు వైపులా రుద్దండి. రెండు మూడు నిమిషాల్లో ఎమల్షన్ మెత్తబడుతుంది, వెంటనే నీళ్లతో గట్టిగా కొట్టి కడిగేయండి. ఆ పౌడర్ మెష్ మీద ఎండిపోతే మాత్రం ఎమల్షన్ ఎప్పటికీ ఊడదు, మెష్ మార్చుకోవాల్సిందే. కడిగాక కూడా పోగుల మీద నీడ ఆకారం లేతగా మిగిలి కనబడుతుంది. కంగారు పడకండి. వెలుగుకు పెట్టి చూడండి, కన్నాలు తెరుచుకునే ఉంటే అది ఉత్త మరక, తర్వాతి బొమ్మలోకి రాదు.